తక్కువ ఖర్చుతో ఇంటిల్లిపాదికీ వారం వంట: నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

నలుగురున్న ఇంటిని మనసులో పెట్టుకుని ఇది రాశాను: ఇద్దరు పెద్దవాళ్లు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. నా పుట్టిల్లు కోవూరు వైపు, మెట్టినిల్లు పొదిలి వైపు. ఒకచోట మాగాణి, వరి, చేపలు. ఇంకోచోట మెట్ట, కందులు, సజ్జలు. ఆ రెండు వంటిళ్లలో నేర్చుకున్నవే ఇక్కడ చెబుతున్నాను. ధరలు వారానికోలా మారతాయి కాబట్టి వీలైనంతవరకు కిలోల్లో, గ్రాముల్లో చెప్పాను. ఎక్కడైనా ధర చెబితే అది లెక్క చూపించడానికి అనుకున్నదే.

వారం ప్లాన్ అంటే ఏడు రోజుల కూరల పేర్లు రాసుకోవడమేనా?

కాదు. అలా రాసుకున్నవాళ్లు ఎక్కువమంది రెండో వారానికే మానేస్తారు. సోమవారం బెండకాయ వేపుడు అని రాసుకుంటారు. తీరా మార్కెట్‌కి వెళితే బెండకాయ ధర మండిపోతుంటుంది, పక్కనే సొరకాయలు కుప్పలు పోసి ఉంటాయి. రాసుకున్నాం కదా అని బెండకాయే కొంటే, ఆ కాగితం వల్లే ఖర్చు పెరుగుతుంది.

కూర పేరు రాయకండి, కూర రకం రాయండి. ఆకుకూర పప్పు, కాయ పప్పు, పులుసు, గింజల కూర, గుడ్డు, చేప, వేపుడు. ఏ ఆకు, ఏ కాయ అన్నది ఆ పూట అంగట్లో తేల్చుకోవచ్చు. ‘ఆకుకూర పప్పు’ అని రాసుకున్న రోజు తోటకూర చవగ్గా ఉంటే తోటకూర, లేదంటే పాలకూర, చుక్కకూర, గోంగూర, బచ్చలి. వేసవిలో చింతచిగురు. ‘పులుసు’ అని ఉంటే సొరకాయ, చామదుంప, మునక్కాయ, గుమ్మడి, వంకాయ, ఏదైనా సరే. పూటకేం వండాలన్న ఆలోచన తప్పుతుంది, కొనేటప్పుడు చెయ్యీ కట్టేసినట్టు ఉండదు. కింద నేను చెప్పే సలహాలు చాలావరకు దీనిమీద ఆధారపడ్డవే.

ఏ రోజు నుంచి మొదలుపెట్టాలి?

చేతికి డబ్బు వచ్చే రోజు నుంచి. వారం కూలి శనివారం అందేవాళ్లు శనివారం, జీతగాళ్లు మీ ఊరి సంత రోజున. ఎవరో సోమవారం అన్నారని సోమవారమే మొదలుపెట్టక్కర్లేదు.

నలుగురికి వారానికి ఎంత సరుకు కావాలి?

రెండు పూటలా అన్నం తినే ఇల్లయితే అన్నానికి 5 నుంచి 6 కిలోల బియ్యం, ఇడ్లీ దోశలకి ఇంకో కిలో. పప్పులూ గింజలూ కలిపి 2 కిలోలు: కందిపప్పు ముప్పావు కిలో, పెసరపప్పు పావు కిలో, మినపప్పు అరకిలో, మిగతా అరకిలో శనగలో అలసందలో ఉలవలో. వేరుశనగ పప్పులు అరకిలో. గుడ్లు 14 నుంచి 16. నూనె అరకిలో. పాలు రోజుకి కనీసం అర లీటరు, వీలైతే లీటరు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2 వేల కేలరీల భోజనానికి చెప్పే లెక్కలో రోజుకి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 300 మిల్లీలీటర్ల పాలు ఉంటాయి. మన ఇళ్లలో ధాన్యం అంతకంటే బాగా ఎక్కువ, కూరగాయలు బాగా తక్కువ. నలుగురికి ఆ లెక్కన వారానికి 11 కిలోల పైన కూరగాయలు కావాలి. అంత వీలుకాకపోతే 8 కిలోలకి తగ్గకుండా చూడండి, అందులో ఆకుకూరలు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. పళ్లెంలో అన్నం పావు వంతు తగ్గించి కూర గరిటెడు పెంచితే ఖర్చు పెద్దగా మారదు. మార్పంతా తిండిలోనే.

ఒక వారం చూపించండి.

ఇది చలికాలపు వారం. శనివారం సాయంత్రం సరుకు వచ్చిందనుకుందాం.

ఆదివారం నీసు రోజు. చేపల పులుసు కాస్త ఎక్కువే పెట్టుకోవాలి, ఎందుకంటే సోమవారం పొద్దుటి ఇడ్లీలోకి, దోశలోకి అదే. నెల్లూరోళ్లకి ఇది చెప్పక్కర్లేదు, రెండో రోజు పులుసు రుచే వేరు. సోమవారం మధ్యాహ్నం ఆకుకూర పప్పు. ఆకులు రెండు రోజులకి మించి నిలవవు కాబట్టి వారం మొదట్లోనే వాడేయాలి. రాత్రికి అదే పప్పు, పక్కన అప్పడమో వడియాలో. మంగళవారం ఇంకో ఆకు: తోటకూర వేపుడు, చారు. ఆ రాత్రే శనగలు నానబెట్టండి. బుధవారం శనగల కూర, అందులో ఒక ఉర్లగడ్డ, రెండు వంకాయలు పడితే కూర సాగుతుంది. శనగలు ఉడికిన నీళ్లు పారబోయకుండా చారులో కలపండి.

గురువారం గుడ్లు. నాలుగు గుడ్లు ఉడికించి పులుసు పెట్టండి, మనిషికొకటి. శుక్రవారం దోసకాయ పప్పో సొరకాయ పప్పో, దోసకాయ నిలవుండే కాయ కాబట్టి వారం చివరికి అట్టిపెట్టుకోవచ్చు. పక్కన రోటి పచ్చడి. శనివారం మధ్యాహ్నానికి నేను పేరు పెట్టను, రకమూ పెట్టను. బుట్టలో ఏం మిగిలితే అది: రెండు క్యారెట్లు, నాలుగు మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు), ఒక టమాటా, అరముక్క గుమ్మడి. అన్నీ కలిపి కలగూర పులుసు గానీ, పెసరపప్పుతో పులగం గానీ. ఆ ఒక్క పూట ఖాళీగా వదిలేస్తే వారమంతా కొన్న కూరగాయల్లో పారేసేది దాదాపు ఉండదు.

పొద్దుటి పూటలకి రెండు రోజులు ఇడ్లీ, రెండు రోజులు దోశ, ఒకరోజు ఉప్మా, ఒకరోజు రాగి సంగటో జావో, ఒకరోజు చద్దన్నం. మీ ఇంటి అలవాటును బట్టి అటూఇటూ మార్చుకోండి.

కూరగాయలు ఎక్కడ, ఎప్పుడు కొంటే కలిసొస్తుంది?

నెల్లూరులో ఏసీ మార్కెట్, ఫత్తేఖాన్‌పేట రైతు బజారు, ఒంగోలులో రైతు బజార్లు ఉన్నాయి. రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే అమ్మాలన్నది వాటి ఉద్దేశం. ప్రతి బజారులోనూ ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. కొనకముందు బోర్డు చదవండి. దాన్ని చూశాకే ఏ రకానికి ఏ కాయ అన్నది తేల్చుకోండి.

వారానికి రెండుసార్లు వెళ్లండి. ఒకసారి పెద్ద కొనుగోలు: ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, దోసకాయ, గుమ్మడి, చామదుంప, వంకాయ, మొదటి రెండు రోజుల ఆకులు. మూడో నాలుగో రోజున చిన్న కొనుగోలు: ఆకులు, పచ్చిమిర్చి, కొత్తిమీర. రోజూ వీధిలోకి వచ్చే బండి దగ్గర పావు కిలో చొప్పున కొంటే పావు కిలో ధర ఎక్కువ పడుతుంది, చూసిందల్లా కొనాలనీ అనిపిస్తుంది. అలాగని బండి వాళ్లని దూరం పెట్టమనడం లేదు. నడవలేని పెద్దవాళ్లకి, చంటిబిడ్డ తల్లులకి ఆ బండే మార్కెట్.

పొద్దున్నే సరుకు తాజాగా ఉంటుంది, సాయంత్రం మూసే వేళకి ధర తగ్గుతుంది. ఆకుకూరలు పొద్దున కొనండి. దుంపలూ ఎర్రగడ్డలూ సాయంత్రం కొన్నా నష్టం లేదు. పొదిలి, కనిగిరి, ఉదయగిరి వైపు పల్లెల్లో వారం సంతే దిక్కు. అక్కడివాళ్లు చిన్న కొనుగోలును పెరటితో సరిపెట్టుకోవచ్చు. ఒక మునగ చెట్టు, ఒక కరివేపాకు చెట్టు, గోడమీద బచ్చలి తీగ, గోనెసంచిలో తోటకూర ఉంటే వారానికి రెండు రోజుల ఆకుకూర ఇంట్లోదే.

టమాటా ధర పెరిగినప్పుడు ఏం చేయాలి?

మానేయండి, నెలన్నర పాటు. టమాటా వంటకిచ్చేది పులుపు, కాస్త చిక్కదనం. పులుపుకి చింతపండు, చుక్కకూర, గోంగూర, మామిడికాయ ఉన్నాయి. చిక్కదనానికి వేయించిన వేరుశనగ పొడో నువ్వుల పొడో. మన అవ్వలు టమాటా లేకుండా చారు కాచారు, పప్పు ఉడికించారు, అందులో రుచికేం తక్కువ కాలేదు.

నిమ్మకాయల సంగతీ అంతే. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు మన పక్కనే ఉన్నా వేసవిలో కాయ ధర ఎక్కేస్తుంది. చవగ్గా దొరికినప్పుడే ఊరగాయ పెట్టేసుకోండి.

రేషన్ బియ్యం వండుకోవచ్చా? అందులో ప్లాస్టిక్ బియ్యం కలుస్తున్నాయంటున్నారు.

నిక్షేపంగా వండుకోవచ్చు. అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి గింజల్లా చేసి, 100 కిలోల బియ్యానికి కిలో చొప్పున కలిపిన గింజలు అవి. రంగు కొంచెం తేడాగా ఉంటుంది, నీళ్లలో వేస్తే కొన్ని తేలతాయి. చాలా ఇళ్లలో వాటిని ఏరి పారేస్తున్నారు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలున్న ఇంట్లో ఆ పని చేస్తుంటే నాకు చాలా బాధేస్తుంది. ఏరకండి. ఎక్కువసార్లు కడగకండి, గంజి వార్చకండి, సరిపడా నీళ్లు పోసి వండండి.

కార్డున్నవాళ్లకి మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి ఇంటికి 35 కిలోలు, ఉచితంగా వస్తాయి. నలుగురికి 20 కిలోలంటే నెల బియ్యంలో మూడింట రెండు వంతులకి దగ్గర. అన్నానికి నచ్చకపోతే ఇడ్లీ రవ్వ పట్టించండి, దోశల్లోకి నానబెట్టండి, మరపట్టించి రొట్టెలు, జంతికలు చేసుకోండి. పది రూపాయలకీ పదిహేను రూపాయలకీ కిలో అమ్మేసి, అంగట్లో నాలుగింతలు పెట్టి సన్నబియ్యం కొనడం మాత్రం ఇంటి బడ్జెట్‌కి పెద్ద చిల్లు. తీసుకోవడం మర్చిపోకండి, నెల మొదటి 15 రోజుల్లోనే తెచ్చేసుకోండి.

బియ్యం ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటే లాభమేనా?

చేతిలో డబ్బు, ఇంట్లో పొడిగా ఉండే చోటు ఉంటే లాభమే. నెల్లూరు డెల్టాలో పెద్ద పంట కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లో. అప్పుడు కొన్నవి కొత్త బియ్యం, వెంటనే వండితే మెత్తగా ముద్దవుతాయి. ఆరు నెలలు మాగితే అన్నం ఒదుగుతుంది, అదే గిద్దెడు బియ్యానికి ఎక్కువ అన్నం వస్తుంది. ఒకప్పుడు మొలగొలుకులు అనే నెల్లూరు రకం బియ్యాన్ని ఇలా పాతవి చేసుకుని తినేవాళ్లు. అప్పు చేసి మాత్రం ఏడాది బియ్యం కొనకండి, వడ్డీ ఆ లాభాన్నంతా మింగేస్తుంది.

కందులు అయితే పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు సంక్రాంతి తర్వాత కొత్త పంట. మార్కాపురం, కనిగిరి, పొదిలి వైపు మీకు తెలిసిన రైతు ఉంటే కందులే కొని, వేయించి, తిరగలిలో విసిరి పప్పు చేసుకోండి. చింతపండు, ఎండుమిర్చి కూడా వేసవి మొదట్లోనే కొత్తవి వస్తాయి. ఈ నాలుగూ ఇద్దరు ముగ్గురు తోటికోడళ్లో ఇరుగుపొరుగో కలిసి మూటగా కొని పంచుకుంటే, ఒక్కో ఇంటికి పెట్టుబడి భారం తెలియదు.

నీసు లేకుండా మావాళ్లకి ముద్ద దిగదు. ఖర్చు ఎలా తగ్గించాలి?

చేపలతో. సముద్రం పక్కనున్న జిల్లాల్లో ఉండి కూడా చేప అంటే వంజరమే అనుకుంటాం, దాని ధర చూసి కోడి కొనేస్తాం. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు చిన్నవి, చవకైనవి, బలమైనవి. నెత్తళ్లు ముల్లుతో సహా నమిలేయొచ్చు కాబట్టి పిల్లలకి కాల్షియం కూడా. మైపాడు, కొత్తపట్నం లాంటి రేవుల దగ్గర పొద్దున్నే పడవలు వచ్చే వేళకి వెళితే చవగ్గా దొరుకుతాయి. నలుగురైదుగురు కలిసి ఒకరిని పంపితే దారి ఖర్చు కూడా మిగులుతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మర పడవల వేటకి నిషేధం. ఆ రెండు నెలలు సముద్రపు చేప ధర పెరుగుతుంది. అప్పుడు చెరువు చేపలు, బొచ్చె, శీలావతి తెచ్చుకోండి. అదే సమయానికి మామిడికాయ వస్తుంది, పులుసులో నాలుగు ముక్కలు వేస్తే చెరువు చేపకున్న మట్టివాసన తెలియదు.

ఎండుచేపలు, ఎండు రొయ్యలు వేరే దారి. గుప్పెడు ఎండు రొయ్యలు వంకాయ కూరనో గోంగూరనో నీసు కూరగా మార్చేస్తాయి. ఉప్పు ఎక్కువ కాబట్టి వేడినీళ్లలో బాగా కడిగి వాడండి, బీపీ ఉన్నవాళ్లకి వద్దు.

కోడి వండే రోజున అరకిలోకి కిలో ఉర్లగడ్డలో గోంగూరో జత చేస్తే నలుగురికి రెండు పూటలకి వస్తుంది.

పప్పు, గుడ్డు, వేరుశనగ, సోయా: ఏది తింటే డబ్బుకి ఎక్కువ బలం?

లెక్క వేసి చూపిస్తాను. ధరలు ఊహించినవే, మీ అంగడి ధరతో మళ్లీ వేసుకోండి. కందిపప్పు కిలో 130 అనుకుంటే, అందులో దాదాపు 220 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అంటే రూపాయికి 1.7 గ్రాములు. గుడ్డు 7 రూపాయలనుకుంటే 6 గ్రాములు, రూపాయికి గ్రాము కంటే కొంచెం తక్కువ. వేరుశనగ పప్పులు కిలో 140 అయితే రూపాయికి 1.8. సోయా ముక్కల్లో సగానికి సగం ప్రోటీనే, కిలో 130 అయినా రూపాయికి 4 గ్రాములు వచ్చేస్తుంది.

అందుకని సోయా ఒక్కటే తినమని కాదు. గుడ్డులో ఉండే బి12 ఏ పప్పులోనూ ఉండదు. పప్పుకి అన్నం తోడైతేనే ప్రోటీన్ పూర్తవుతుంది. వారంలో ఒకపూట సోయా, రోజూ పప్పో గింజలో, మనిషికి మూడు నాలుగు గుడ్లు, ఒకపూట చేప ఉంటే ఎవరికీ లోటు రాదు. ఉలవలు మర్చిపోకండి. మెట్ట ప్రాంతంలో చవగ్గా దొరికే గింజ అది. ఉడికించిన నీళ్లతో ఉలవచారు, గింజలతో గుగ్గిళ్లు, ఒకే గింజతో రెండు వంటలు.

పిల్లలకి బడిలో భోజనం పెడతారు. ఇంట్లో లెక్క మార్చుకోవాలా?

మార్చుకోవాలి. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం తినే పిల్లలకి గుడ్డు ఏ రోజు ఇస్తారో, ఏ రోజు ఏం వండుతారో అడిగి తెలుసుకుని మీ కాగితం మీద రాసుకోండి. ఆ రోజు రాత్రి ఇంట్లో గుడ్డు అక్కర్లేదు, ఆకుకూరో పాలో పెట్టండి. బడి లేని రోజుల్లో, సెలవుల్లో ఆ గుడ్లు మీ లెక్కలోకి వస్తాయి, వేసవిలో ఇంటి ఖర్చు పెరగడానికి ఇదీ ఒక కారణం. గర్భిణులు, బాలింతలు, చంటిపిల్లలు ఉంటే అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్లు, పాలు వాళ్లకే దక్కాలి. ఇంట్లో అందరికీ పంచేయకండి.

బయట టిఫిన్ తెస్తే గ్యాస్ కలిసొస్తుంది కదా?

నలుగురికి బయట తెచ్చే ఒక్కపూట టిఫిన్ డబ్బుతో ఇంట్లో మూడు నాలుగు పూటల పిండి రుబ్బుకోవచ్చు. గిన్నె మినపప్పుకి రెండు గిన్నెల ఇడ్లీ రవ్వ. దోశకి గిన్నెకి మూడు గిన్నెల రేషన్ బియ్యం, చెంచా మెంతులు. వారానికి రెండుసార్లు రుబ్బితే చాలు. చట్నీకి కొబ్బరి అవసరం లేదు. ఎండుమిర్చి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు, కాస్త చింతపండు నూరి ఎర్రకారం చేసి దోశ మీద పూయండి. మన నెల్లూరు కారం దోశ అదే, పక్కన పప్పుల పొడి ఉంటే చాలు.

పిల్లలు సాయంత్రం కొనుక్కునే పది రూపాయల పొట్లాలు ఇద్దరివీ కలిపితే నెలకి 600. ఆ డబ్బుతో 4 కిలోల వేరుశనగ పప్పులు వస్తాయి. వేయించి, బెల్లం కలిపి ఉండలు చేసి డబ్బాలో పెట్టండి.

నూనె, గ్యాస్ ఖర్చు?

నూనె సీసా వంట దగ్గర ఉండకూడదు. వారానికి అరకిలో ఒక డబ్బాలో కొలిచి పోసుకుని దాంతోనే గడపండి. శుక్రవారానికి అడుగంటితే ఆ వారం వేపుళ్లు ఎక్కువయ్యాయని తెలుస్తుంది. ప్లాన్‌లో వేపుడు ఒకటి, మహా అయితే రెండు పూటలు చాలు.

గ్యాస్‌కి కుక్కర్ వాడండి. శనగలు, ఉలవలు, అలసందలు రాత్రే నానబెట్టండి. కందిపప్పుని కూడా అరగంట నానబెడితే రెండు విజిల్స్ తగ్గుతాయి. అన్నం, పప్పు ఒకే కుక్కర్‌లో గిన్నెలు పేర్చి వండండి. దీపం పథకం అర్హత ఉంటే ఏడాదికి 3 సిలిండర్లు ఉచితం. పల్లెల్లో స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీదే పెట్టుకుంటారు, అది కొనసాగించండి.

ఫ్రిజ్ లేదు. మిగిలినవి ఎలా?

ఫ్రిజ్ లేని ఇంట్లో ప్లాన్ ఇంకా అవసరం. రాత్రికి సరిపడా కొలిచి వండటం మొదటి పని. మిగిలిన అన్నం చల్లారాక మునిగేదాకా నీళ్లు పోసి మూతపెట్టండి, పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డ, పచ్చిమిర్చితో చద్దన్నం. పప్పు, కొబ్బరి వేసిన కూరలు మన వేసవిలో రాత్రి దాటవు, ఉంచకండి. చింతపండు పులుసులు మళ్లీ ఒకసారి తెర్లించి పెడితే మర్నాడు పొద్దుటికి ఉంటాయి. వాసన తేడా వస్తే పారేయండి. దాన్ని తిని ఆసుపత్రికి పెట్టే డబ్బుతో పోలిస్తే గిన్నెడు కూర ఎంత?

ఆకుకూరలు తడి లేకుండా ఆరబెట్టి పల్చటి నూలు గుడ్డలో చుట్టండి. కొత్తిమీర వేళ్లు గ్లాసు నీళ్లలో పెట్టండి.

తుఫాను వారాల్లో ఏం చేయాలి?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. వాయుగుండం పడితే ఆకుకూరలు కుళ్లిపోతాయి, లారీలు ఆగుతాయి, ఉన్న కాయల ధర రెట్టింపవుతుంది. కరెంటు పోతే మిక్సీ, గ్రైండర్ పనిచేయవు. కాబట్టి దసరా నాటికే ఒక ‘వాన వారం’ సరుకు వేరే డబ్బాల్లో పెట్టుకోవాలి: రెండు కిలోల గింజలు, కిలో పెసరపప్పు, కిలో బొంబాయి రవ్వ, రెండు కిలోల రాగి పిండి, ఎండుచేపలు, వరుగులు, ఒక పెద్ద గుమ్మడికాయ, పప్పుల పొడి, కరివేపాకు కారం, ఊరగాయ. నిండు సిలిండర్ లేకపోతే పొడి కట్టెలు లోపల చేర్చుకోండి.

ఆ వారం వంట ఇలా ఉంటుంది: పులగం, పచ్చిపులుసు. గుమ్మడికాయ పులుసు. అలసందల కూర. రాగి సంగటి, ఎండుచేపల పులుసు. పప్పుల పొడి అన్నం, నెయ్యి ఉంటే చుక్క. వాన రాకపోతే సంక్రాంతికి ముందు ఆ డబ్బాలు ఖాళీ చేసి వాడేయండి, పురుగు పట్టనివ్వకండి. వేసవిలోనే మటిక్కాయ, వంకాయ, మామిడికాయ వరుగులు ఎండబెట్టుకున్నవాళ్లకి ఈ వారం చాలా తేలిగ్గా గడుస్తుంది. నెల్లూరు ఎండని తిట్టుకుంటాం గానీ, వరుగులకి అంత మంచి ఎండ ఇంకెక్కడా ఉండదు.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లున్నారు. వాళ్లకి వేరే వండాలా?

వేరే వంట వద్దు, వేరే కొలత చాలు. అదే పప్పు, అదే కూర, అన్నం మాత్రం ఒక కప్పు, కూర రెండు కప్పులు. జొన్నరొట్టె, సజ్జరొట్టె మంచివే. అయితే వాటిలోనూ పిండిపదార్థం ఉంది కాబట్టి ఎన్నంటే అన్ని తినకూడదు. రాగి జావ పల్చగా తాగితే షుగర్ త్వరగా పెరుగుతుంది, గట్టి సంగటి మేలు. మందుల సంగతి డాక్టరుగారినే అడగండి.

హఠాత్తుగా చుట్టాలొస్తే ప్లాన్ అంతా పోతుంది.

పోదు. శనివారపు ఖాళీ పూటని ముందుకి జరపండి. ఇంట్లో ఎప్పుడూ ఆరు గుడ్లు, శనగపిండి, అప్పడాలు ఉంచుకుంటే పప్పుచారు, గుడ్డు వేపుడు, అప్పడాలతో మర్యాదగా భోజనం పెట్టొచ్చు.

నెలాఖరుకి డబ్బు అయిపోతే దేన్ని తగ్గించాలి?

ముందు టీ, చక్కెర, బయటి చిరుతిళ్లు. తర్వాత నూనె. తర్వాత నీసు. ఆ తర్వాత ఖరీదైన కూరగాయలు. పప్పు, గుడ్డు, ఆకుకూర, పిల్లల పాలు ఆఖరున కూడా తగ్గించకండి. చాలా ఇళ్లలో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. టీ నాలుగుసార్లు ఉంటుంది, పప్పు నీళ్లలా పల్చబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు కూడా, కనీసం గంట ఆగాలి.

మునగాకు ఉచితం. ఆషాఢంలో మాత్రమే తినే అలవాటు చాలామందికి ఉంది, ఏడాది పొడుగునా తినొచ్చు. పప్పులో, వేపుడులో, ఎండబెట్టి కారప్పొడిలో.

లెక్క ప్రకారం వండినా నాకు చివరికి కూర మిగలదు. ఏం చేయాలి?

ఈ మాట చాలామంది అక్కచెల్లెళ్లు చెప్పారు. అందరికీ వడ్డించాక అడుగున మిగిలిన పులుసు, మాడు అన్నం, ఊరగాయ ముక్కతో తినేయడం. ఇంట్లో రక్తం తక్కువగా ఉండేది కూడా ఎక్కువగా ఆ మనిషికే. నలుగురికి లెక్క వేసి ముగ్గురు తింటే ఆ లెక్క తప్పు.

వంట దించగానే, ఇంకా ఎవరికీ వడ్డించకముందే, నాలుగు గిన్నెల్లోకి కూర పంచేయండి. మీ గిన్నె మూతపెట్టి పక్కన ఉంచండి. గుడ్లు, చేప ముక్కలు లెక్కబెట్టి వండండి, మనిషికిన్ని అని ముందే ఇంట్లో చెప్పండి. పిల్లలకి మారు కావాలంటే పప్పు, పెరుగు వేయండి, మీ గుడ్డు కాదు. మగవాళ్లు పొలం నుంచో పని నుంచో ఆలస్యంగా వస్తారనుకుంటే వాళ్ల గిన్నె వాళ్లకి ఉంటుంది, మీరు వేళకి తినేయండి. అత్తగారు ఏమైనా అంటారని భయముంటే ఆమె గిన్నె అన్నిటికంటే ముందు నింపి చేతికివ్వండి, ఆ తర్వాత మీది.